అడుగు ఆగినవారికి అడ్డగీత: కంపవాతపు చేతికర్ర చరిత్ర

ఉగాది సంచికకు ఏదైనా ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందని సంఘం కార్యదర్శి గారు మమ్మల్ని అడిగినప్పుడు, కామాఠిపుర చరిత్రే వ్రాయుదమని మొదట అనుకొన్నాము. కాని ఆ పనిని మాకంటె పెద్దలు, బాగా చదువుకొన్నవారు ఇదివరకే చేసి ఉన్నారు. మేము మెట్రిక్ వరకు చదివి రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవారము. కనుక పెద్ద చరిత్ర జోలికి పోక, ఒక చిన్న వస్తువు చరిత్రను ఎత్తుకొన్నాము. ఆ వస్తువు చేతికర్ర. అందులోనూ అందరి చేతికర్ర కాదు. కంపవాతం పట్టి, నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి అడుగు పడక నిలిచిపోయేవారి చేతికర్ర. ఇదేమి విడ్డూరపు విషయమని పాఠక మహాశయులు అనుకోవచ్చును. తుదివరకు ఓపికపట్టి చదివితే, మన గల్లీలలో కనీసం నలుగురైదుగురు పెద్దల ముఖాలు మీకే జ్ఞప్తికి రాగలవని మా నమ్మకం.

మన వాళ్లు ఈ ఊరికి నడిచి వచ్చినవారే. విలియం హార్న్‌బీ గవర్నరుగా ఉన్న కాలంలో కట్టించిన వెల్లార్డ్ కట్ట 1784 ప్రాంతంలో పూర్తి అయినది. సముద్రపు పోటు లోపలికి రాకుండా ఆగిపోయి, దీవుల నడుమ ఉండిన బురద నేలలు క్రమంగా ఆరినవి. ఆ నేలమీదికి 1795 ప్రాంతం నుండి నిజాం ఇలాకా కామాఠీలు వచ్చి గుడిసెలు వేసుకొన్నారు. వారి పేరనే ఆ చోటు కామాఠిపురమైనది. ఉత్తరాన బెలాసిస్ రోడ్డు, దక్షిణాన గ్రాంట్ రోడ్డు, నడుమ మన అంకెల గల్లీలు. అప్పటికి రైలు లేదు. బోరీబందరు నుండి ఠాణాకు మొదటి బండి నడిచినది 1853 ఏప్రిల్ 16 నాడు. అంతకు అరవై ఏండ్ల ముందు వచ్చినవారు కాలినడకనో, ఎడ్లబండి వెంటనో వచ్చి ఉండవలె. వచ్చి మట్టి తవ్వినారు, రాళ్లు మోసినారు, ఇండ్లు కట్టినారు. అందులో కొందరు కాంట్రాక్టర్లై పైకి వచ్చి, 1873లో జ్యోతిబా ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినారు. తరువాతి కాలంలో మన పద్మశాలీలు మిల్లు పనికి వచ్చి వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చాళ్లలో నిండినారు. 1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైనది. ఆ సమ్మెతో ఎందరి మగ్గాలు ఆగిపోయినవో మీకు చెప్పనక్కరలేదు.

ఇంత దూరం నడిచి వచ్చిన జాతిలో, ఖోలీ నుండి నల్లా వరకు నడవలేక నిలిచిపోయిన ఒక మనిషిని గురించి ఇప్పుడు చెప్పవలసి ఉన్నది. ఆయన మా పెద్దనాయన.

పెద్దనాయన సమ్మె వరకు మిల్లులో సాంచాల మీద పని చేసినాడు. తరువాత గోదాములలో, దుకాణాలలో ఏ పని దొరికితే ఆ పని చేసి పిల్లలను పెంచినాడు. డెబ్బై దాటిన తరువాత ఆయన కుడిచేయి వణకసాగింది. అది వయసు లక్షణమని అందరమూ అనుకొన్నాము. తరువాత అక్షరం చిన్నదైనది, మాట లోపలికి పోయింది, ముఖంలో నవ్వు తగ్గింది. వీటన్నిటికీ మేము అలవాటు పడినాము. కాని ఒకనాడు ఖోలీ గడప దగ్గర ఆయన పాదాలు నేలకు అతుక్కొని పోయినవి. మనిషి ముందుకు వంగినాడు, మోకాళ్లు వణికినవి, అడుగు మాత్రం పడలేదు. వెనుక నీళ్ల బిందె పట్టుకొని మా పెద్దమ్మ, ఆమె వెనుక సండాసుకు పోవలసిన పొరుగువారు. ఒక నిమిషం గడిచింది. తరువాత ఏమీ జరగనట్లే ఆయన నడిచిపోయినాడు.

ఇది రోజూ జరగసాగింది. గడప దగ్గర, గల్లీ మలుపున, లోకల్ బండి తలుపు దగ్గర, జనం తోసుకొనేచోట. విచిత్రమేమంటే మా చాళు మెట్లు ఎత్తైనవి, అరిగిపోయినవి. వాటిమీద మాత్రం ఆయన గబగబ దిగిపోయేవాడు! అది చూచి ఇంటిల్లిపాదీ ఒక తీర్మానానికి వచ్చినాము: ముసలాయన కావలెనని నటిస్తున్నాడు. మెట్లు దిగగలిగినవాడు చదును నేలమీద నడవలేడా? మేమే ఒకనాడు డ్యూటీకి ఆలస్యమగుచున్నదని కసురుకొని, చేయిపట్టి లాగినాము. ఆయన బోర్లపడినాడు. పై పెదవి చిట్లింది. లేచి కూర్చొని, "నేను ఆగుతలేను బిడ్డా, కాళ్లు ఆగుతున్నయ్" అన్నాడు. ఆ మాటే మాచేత ఈ వ్యాసం వ్రాయిస్తున్నది.

కంపవాతం మన దేశానికి కొత్త కాదు. ఆయుర్వేద గ్రంథాలలో ఆ పేరు ఉన్నది. దానికి వాడే మందులలో దూలగొండి గింజలు ఒకటి. ఇంగ్లీషు వైద్యంలో దీనిని మొదట వివరంగా వ్రాసినవాడు లండన్ నగరంలో హాక్స్‌టన్ పేటలో ఉండిన జేమ్స్ పార్కిన్సన్. ఆయన పుట్టినది 1755 ఏప్రిల్ 11. ఇప్పుడు ఆ తేదీనే ప్రపంచ పార్కిన్సన్ దినంగా జరుపుతున్నారు. ఇంచుమించు మన ఉగాది రోజులలోనే వస్తుంది. 1817లో ఆయన అచ్చువేసిన చిన్న పుస్తకంలో ఆరుగురు రోగుల సంగతి ఉన్నది. అందులో ఇద్దరు వీధిలో కనబడినవారు, ఒకరు దూరం నుండి చూచినవారు. అంటే ఈ రోగాన్ని మొదట కనిపెట్టినది వీధిలో నడక చూచిన కన్ను. ఆ పుస్తకంలోనే ఒక పెద్దమనిషి నౌకరు ముచ్చట ఉన్నది. నౌకరు యజమాని ఎదుట నిలబడి రెండు భుజాల మీద చేతులు వేసి పట్టుకోగా, యజమాని ముందుకు వెనుకకు మెల్లగా ఊగి, నిలకడ కుదిరిన తరువాత కదులుతున్నానని చెప్పేవాడట. యజమాని పరుగువంటి నడకతో బయలుదేరగానే, నౌకరు పక్కకు తప్పుకొని, పడితే పట్టుకొనుటకు ముందు పరుగెత్తేవాడట. ఈ రోగికి మొదటి చేతికర్ర ఒక మనిషే అన్నమాట. పారిస్ నగరపు వైద్యుడు షార్కో ఆ తరువాత ఈ రోగానికి పార్కిన్సన్ పేరు స్థిరపరచినాడు.

కాళ్లు ఎందుకు ఆగుతున్నవి? వైద్యులు మాకు చెప్పినది, మాకు అర్థమైనంతలో వ్రాస్తున్నాము. మెదడు అడుగుభాగంలో నల్లని కణాల గుంపు ఒకటి ఉన్నది. అది డోపమిన్ అనే రసాన్ని తయారుచేస్తుంది. అలవాటైన పనులను, మనం ఆలోచించకుండానే, వరుస తప్పక నడిపించుటకు ఆ రసం అవసరం. ఆ కణాలు నశించినకొద్దీ అలవాటు నడక దెబ్బతింటుంది. కాళ్లలో బలం ఉన్నది, కండరం ఉన్నది. బయలుదేరుమనే ఆజ్ఞ అందవలసిన వేళకు అందదు. గార్డు పచ్చజెండా కనబడక, ఇంజను ఆవిరితో నిండి ఉండి కూడా నిలిచిపోయిన బండివలె అని మేము మా భాషలో సమాధానపడినాము.

మందు చరిత్రలో మన దక్షిణాదికి ఒక స్థానం ఉన్నది. 1937లో మదరాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దూలగొండి గింజలనుండి ఎల్-డోపా అనే పదార్థాన్ని వేరుచేసినారు. ఆ పదార్థమే శరీరంలో డోపమిన్‌గా మారుతుంది. 1961లో వియన్నా వైద్యులు దానిని రోగులకు ఇచ్చి చూచినారు. 1967లో అమెరికాలో కొట్జియాస్ పెద్ద మోతాదులతో మంచి ఫలితం చూపినాడు. పొలం గట్లమీద దురద పుట్టించే తీగ గింజలో ఇంత ఉన్నదని ఎవరు ఊహించగలరు! అయితే గింజలు తెచ్చి ఇంట్లో దంచుకొని మింగవద్దని మనవి. మోతాదు తెలియదు, వాడే మందులతో కలిసి ప్రమాదం కావచ్చును.

మందు వచ్చినా కాళ్లు ఆగే చిక్కు పూర్తిగా తీరలేదు. కొందరికి మందు పనిచేసే వేళలో కూడా అడుగు ఆగుతుంది. అక్కడే కర్ర చరిత్ర మొదలగుచున్నది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఒక విధమైన మెదడువాపు రోగం దేశదేశాల వ్యాపించింది. అందులో బ్రతికి బయటపడినవారిలో అనేకులకు తరువాత ఏండ్లలో కంపవాత లక్షణాలు వచ్చినవి. అటువంటివారిని లండన్‌లోని హైలాండ్స్ ఆసుపత్రిలో పర్డన్ మార్టిన్ అనే వైద్యుడు శ్రద్ధగా పరిశీలించి, 1967లో ఒక పుస్తకం వ్రాసినాడు. ఆయన చూపినది ఇది: నడవలేక నిలిచినవారి ముందు నేలమీద అడ్డంగా గీతలు గీస్తే, వారు ఒక్కొక్క గీత దాటుతూ నడిచిపోతారు! గీతలు నడిచే దారికి అడ్డంగా ఉండవలె. నిలువు గీతలు పనికిరావు, వంకర టింకర గీతలు పనికిరావు. గీతకు గీతకు నడుమ ఒక అడుగు వేయదగిన ఎడం ఉండవలె. చదివినప్పుడు రైల్వేవాళ్లమైన మాకు పట్టాల కింది స్లీపర్లే కనబడినవి. మా పెద్దనాయన మెట్లు ఎట్లా దిగినాడో అప్పుడు తెలిసింది. ప్రతి మెట్టు అంచు ఒక అడ్డగీత. అలవాటు దారి మూసుకొన్నప్పుడు, కంటికి కనబడే గురి వేరొక దారిన కాలిని లేపుతున్నది. ఆయన నటించలేదు. మేమే తప్పుగా చూచినాము.

గీతను నేలమీద గీయవచ్చును గాని, ఊరంతా గీయుట ఎట్లా? గీతను రోగి వెంట పంపవలె. 1987లో ఆస్ట్రేలియా వైద్యులు ఒక సులువు చెప్పినారు. వంపు పిడి ఉన్న మామూలు చేతికర్రను తలకిందులుగా పట్టుకొంటే, పిడి నేలమీద పాదం ముందు అడ్డంగా వస్తుంది. దానిని దాటుటకు కాలు లేస్తుంది. ఖర్చు ఏమీ లేదు. తరువాత కర్ర కొసకు దగ్గరగా అడ్డపుల్ల బిగించినవి వచ్చినవి. ఆ పిమ్మట నేలమీద ఎర్రని వెలుగు గీత వేసే లేజర్ కర్రలు, లేజర్ నడకబండ్లు వచ్చినవి. చక్రాలు వాటంతట అవి జారిపోకుండా, చేతి పిడి నొక్కినప్పుడే కదిలే నడకబండి కూడా ఉన్నది. 2018లో నెదర్లాండ్స్‌లో బూట్లకే లేజరు అమర్చి పరీక్షించగా, మందు బలం తగ్గిన వేళలో కాళ్లు ఆగుట సుమారు సగం తగ్గినదని ప్రకటించినారు.

అయితే ఇవన్నీ అందరికీ పనిచేయవని కూడా నిజాయితీగా చెప్పవలె. 2000లో ప్రకటించిన ఒక అమెరికా పరిశీలనలో, మందు పనిచేసే వేళ కూడా కాళ్లు ఆగేవారిలో పెక్కుమందికి కర్రలవలన చెప్పుకోదగిన మేలు కనబడలేదు. 2003లో నడకబండ్లను పోల్చి చూచినప్పుడు, ఎత్తి పెట్టుకొంటూ నడిచే నాలుగుకాళ్ల చట్రం కాళ్లు ఆగుటను ఎక్కువచేసినది. చక్రాలది అంత హాని చేయలేదు. రెండూ నడకను మందగింపజేసినవి. మా పెద్దనాయనకే తలకిందుల కర్ర నాలుగు రోజులు బాగా నడిచి, అయిదవ రోజు కాలికి తగిలి పడబోయినాడు. కాబట్టి ఏది ఎవరికి పనికివచ్చునో వైద్యుని యెదుట, వ్యాయామ చికిత్స చేసేవారి యెదుట పరీక్షించి చూడవలసిందే.

మనకు దగ్గరిదే ఒక ఉదాహరణ పూణెది. మిలేహా సోనేజీ అనే యువతి వస్తురూపకల్పన చదువుకొన్నది. ఆమె మామకు ఈ రోగం. చదును నేలమీద తడబడే ఆ మామ, మెట్లమీద ఆగకుండా దిగుట ఆమె గమనించినది. మేము దానినే చూచి నటన అనుకొన్నాము; ఆమె దానినే చూచి ఆలోచన చేసినది. నేలమీద మెట్ల బొమ్మ గీసిన పరుపును తయారుచేసి మామ ముందు పరచినది. ఆయన దానిమీద సాఫీగా నడిచినాడు. 2015లో ఆమె ఈ సంగతిని ఒక సభలో చెప్పగా లోకమంతా విన్నది.

ఇక మన బొంబాయి సంగతి. నడక నేర్పే చికిత్సకు ఈ ఊరు వెనుకబడినది కాదు. 1950లో కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్‌కర్ గారు ఆసియాలోనే మొదటి వృత్తిచికిత్స పాఠశాల పెట్టినారు. 1955లో హాజీ అలీ దగ్గర అఖిల భారత భౌతిక వైద్య పునరావాస సంస్థ ఏర్పడింది. అది మన కామాఠిపురానికి దూరమేమీ కాదు. 2001 నుండి పార్కిన్సన్ రోగుల సంఘం ఒకటి ఈ నగరంలో పనిచేస్తూ, రోగులను, ఇంటివారిని ఒకచోట కూర్చి వ్యాయామం నేర్పుతున్నది. అన్నిటికంటె మమ్మల్ని ఆలోచింపజేసినది పార్సీల లెక్క. డాక్టర్ భరూచా గారు, వారి బృందం బొంబాయి పార్సీ కాలనీలలో ఇంటింటికి పోయి 14,010 మందిని విచారించి, వారిలో 46 మందికి ఈ రోగమున్నదని 1988లో ప్రకటించినారు. లక్షకు 328 మంది. వారిలో వృద్ధులు ఎక్కువ గనుక మనకు ఆ లెక్క అట్లే వర్తించదు. కాని తలుపు తట్టి అడిగినందువల్లనే ఆ 46 మంది లెక్కకు వచ్చినారు. మన చాళ్లలో ఎందరున్నారో తెలియవలెనంటే మనమే తలుపు తట్టవలె.

మా ఇంట్లో జరిగినది చెప్పి ముగిస్తాము. ఒక చికిత్సకురాలు చెప్పిన ప్రకారం, హార్డ్‌వేరు దుకాణంలో పసుపుపచ్చ టేపు చుట్ట కొన్నాము. పెద్దనాయన సుఖంగా ఉన్న వేళ ఆయన అడుగు పొడవు కొలిచినాము. పద్దెనిమిది అంగుళాలకు కొంచెం తక్కువ వచ్చినది. ఖోలీ గడప నుండి గ్యాలరీ చివరి సండాసు వరకు ఆ ఎడంతో అడ్డపట్టీలు అతికించినాము. నేల నల్లనిది గనుక పసుపు బాగా కనబడింది. మొదటి రోజు చాళువాళ్లు నవ్వినారు. పిల్లలు వాటిమీద తొక్కుడుబిళ్ల ఆడినారు. పెద్దనాయన గడపలో నిలబడి కాసేపు మొదటి పట్టీని చూచినాడు. తరువాత కాలెత్తి దాటినాడు. రెండవది, మూడవది. సండాసు దాకా పోయి, ఎవరి చేయీ పట్టకుండా తిరిగి వచ్చినాడు. ఆరునెలల తరువాత ఆయన ఒంటరిగా పోయిన మొదటిసారి అది. మా పెద్దమ్మ నల్లా దగ్గర బిందె పెట్టి చూస్తూనే ఉండిపోయింది.

రోగం నయం కాలేదు. ఇప్పటికీ గల్లీ మలుపున ఆగుతాడు. అక్కడ మేము చేయి లాగము. "ఆగు తాతా, పక్కకు ఊగు, ఒకటి, రెండు, ఇగ కదులు" అని మా పిల్లవాడు లెక్కపెడతాడు. లయతో కూడిన శబ్దానికి కూడా కాలు లేస్తుందని 1996 నాటి పరిశోధనలు చెప్పుచున్నవి. బతుకమ్మ చప్పట్లకు, కోలాటపు కర్రలకు మన పెద్దల అడుగులు అలవాటు పడినవే గదా. రోడ్డు దాటుటకు జీబ్రా చారలున్నచోటికే తీసుకొనిపోతాము. ఆ చారలు నడిచేవానికి అడ్డంగానే ఉంటవి. ప్లాట్‌ఫారం అంచున ఉన్న పసుపుగీత దగ్గర మాత్రం జాగ్రత్త పడతాము. అందరికీ అది ఆగుమనే గీత. ఆయన కాలికి దాటుమనే గీత. ఈ సంగతి మా స్టేషన్ సిబ్బందికి కూడా చెప్పి ఉంచినాము.

ఇట్టి వారు మీ ఇంట ఉంటే మా అనుభవంగా నాలుగు మాటలు. చేయిపట్టి లాగవద్దు, తొందరపెట్టవద్దు. గడప దగ్గర పట్టాలు, గోనెలు పరచవద్దు. పట్టీలు నేల రంగుకు భిన్నమైన రంగులో ఉండవలె, అంచులు లేవకుండా వారానికొకసారి సరిచూడవలె. వెనుకకు తిరగవలసినప్పుడు నిలిచినచోటనే తిప్పక, కొంచెం చుట్టు తిరిగి రానివ్వవలె. మందు వేళ తప్పరాదు.

కామాఠిపుర పాత ఇండ్ల పునర్నిర్మాణానికి 2023లో ప్రభుత్వం ఆమోదం తెలిపింది. చాళ్లు పోయి ఎత్తైన భవనాలు రానున్నవి. నున్నని పలకల వరండాలు, ఇరుకు లిఫ్టు తలుపులు వస్తవి. అందరికీ అవి సౌఖ్యమే. అడుగు ఆగేవారికి అవే చిక్కు. నక్షలు గీసేటప్పుడే, వరండా పలకలలో అడుగుకొక అడ్డపు రంగుపట్టీ వేయుమని అడుగుటకు పెద్ద ఖర్చు లేదు, అడిగే నోరు ఉండవలెనంతే. మన సంఘం ఈ సంవత్సరంలో గల్లీ గల్లీకి ఇద్దరు యువకులను పంపి, నడక ఆగిన పెద్దలను లెక్కించి, కోరినవారి గడపల ముందు పట్టీలు వేయించవలసిందని మా విన్నపం. టేపు చుట్టలు మేము కొని ఇస్తాము. కొలిచి అతికించుటకు సెలవుదినాలలో మేమూ వస్తాము.

ఈ దేశపు నేలను తవ్వి చదును చేసినవారు మన పూర్వులు. ఆ చదును నేలమీద మన ముసలివారు ఒక్క అడుగు కోసం నిలబడి ఉన్నారు. వారు నటిస్తున్నారని అనవద్దు. ఒక గీత గీయండి.